ఫ్లెక్సీ వెనకాల తొంభై నిమిషాలు

మహిళా ఫుట్‌బాల్‌కు గుర్తింపు లేదని ఇకపై ఎవరైనా అన్నచో, అన్నవారికి అక్కడికక్కడే శాలువా కప్పబడును. ఇది స్త్రీ క్రీడా గౌరవ సాధన ఉపసంఘం వారి తీర్మానం. (తీర్మానం ఒక్క నిమిషంలో పాసయింది. ఆ ఉపసంఘం జన్మలో ఇచ్చిన పాసు అదొక్కటే.)

కట్టంగూర్ అమ్మాయిల జట్టు కెప్టెన్ రూపకు అప్పటికే ఏడు శాలువాలున్నాయి. లేనిదల్లా పదకొండో నంబరు ఫారం మీద ఒక్క సంతకం. పరిశీలకుడి సమక్షంలో పూర్తి తొంభై నిమిషాల మ్యాచ్ ఆడితేనే ఆ సంతకం. అది పడితేనే రాష్ట్ర లీగులో చోటు. మగపిల్లలు మొదటి ఏడాదే ఆడేసి, సంతకం పట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లను ఎవరూ గౌరవించలేదు గనుక టైం మిగిలింది. అమ్మాయిలకు మాత్రం గౌరవాలు పోను ముందటేడు పదకొండు నిమిషాలు, నిరుడు ఇరవై రెండు నిమిషాలు మిగిలాయి. (ఏటా రెట్టింపు. ప్రగతి లేదన్నవాడి కళ్లు పోతాయి.) ఈసారి కూడా ఆడకపోతే జట్టు పేరు కొట్టేస్తారట.

వేదికను మైదానానికి వీపు పెట్టి కట్టారు. అతిథుల కళ్లలో ఎండ పడరాదన్నది నిబంధన. వెనక ఇంటిగోడంత ఫ్లెక్సీ. దానిమీద పెద్దలందరూ నిలువెత్తున, ఆడేవాళ్లందరూ ఓ మూలన తపాలాబిళ్లంత. దాని ముందు, వేదిక మీదే పెద్దల వెనక వరుసల్లో, కట్టంగూర్, కొత్తకోట జట్లను కుర్చీల్లో కుదేసి, మార్చి ఎండలో ఉన్ని శాలువాలు కప్పారు. బంతికి బొట్టు పెట్టారు. గాలి కొట్టే పంపుకు దండ వేశారు.

"మా నాయిన గొర్లకు గూడ గింత ఉన్ని లేదక్కా," అంది గోల్‌కీపర్ శోభ.

రూప ముందు వరుసకు వెళ్లి వంగింది. "సార్, ఆట షురు జేద్దమా?"

పరిశీలకుడు రామచంద్రయ్య నొచ్చుకున్నారు. "ఏం తొందర బిడ్డా? ఇంకా పద్నాలుగుమంది మాట్లాడాలె. మిమ్ముల గింత గౌరవిస్తాంటె ఆట ఆట అంటవేంది?"

రూప వెనక్కి వచ్చి, రిఫరీగా వచ్చిన పీఈటీ ఏసోబు సారు చెవిలో ఫారం పెట్టినంత పని చేసింది. "సారూ, 'సమక్షంలో' అని ఉన్నది. సూడాలె అని యాడన్న ఉన్నదా?"

ఏసోబు ఫారాన్ని తిరగేసి, మరగేసి చదివారు. "లేదు బిడ్డా."

"అయితే నడువుండ్రి."

ఇరవై రెండు శాలువాలు కుర్చీలకు కప్పి, ఇరవై రెండుమందీ ఫ్లెక్సీ చాటుకు జారుకున్నారు. జనమూ వాళ్ల వెంటే పోయారు. షామియానా కింద మిగిలింది మాట్లాడవలసినవారే. వాళ్లు తలలు వంచుకుని తమ కాగితాలు చదువుకుంటున్నారు.

ముందు మైకుదానం, వెనక మైదానం. కొత్తకోట గోల్ కొట్టింది. గోల లేచింది. అప్పుడే "స్త్రీకి భూదేవికున్నంత ఓర్పు" అన్న వక్త, ఆ చప్పట్లు తనకేననుకుని ఆ ఓర్పును ఇంకో పావుగంట పరీక్షించారు. రూప పాసుకు శోభ చెల్లెలు మెర్సీ గోల్ కొడితే మరో వక్తకు మరో పావుగంట ఆయుష్షు పెరిగింది. ఓసారి బంతి ఎగిరొచ్చి ఫ్లెక్సీలో రామచంద్రయ్య చెంపకు తగిలింది. (అసలు రామచంద్రయ్య చెంప తడుముకుని, దోమలు ఎక్కువయ్యాయన్నారు.)

ఎనభై రెండో నిమిషంలో ఆయనే మైకందుకుని, "చివరగా ఒక్క మాట" అన్నారు. ఆ మాట అయితే ఆయన జీపెక్కుతారు. జీపెక్కితే సమక్షం కూడా వెళ్లిపోతుంది.

మైదానం అంచు గీత పక్కన నిలబడి ఉంది రూప నాయనమ్మ బిక్షమ్మ. "అవ్వా! జల్ది ఉరుకు, ఆ సారును ఆపనియ్యకు!" అని అరిచింది రూప.

బిక్షమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని వేదిక ముందుకు ఉరికింది. "సారూ! మహిళాశక్తి ముచ్చట మాకు సక్కగ ఇనవడలే. జర మొదటికెళ్లి చెప్పు!"

అట్లా అడిగినవారు ఆయన సర్వీసులో లేరు. మొదటికెళ్లి చెప్పారు. ఎనభై తొమ్మిదో నిమిషంలో రూప తన్నిన బంతి వలలో పడింది. జనం హోరు వేదికను ఊపేసింది. రామచంద్రయ్య కన్నీళ్లతో చేతులు జోడించేసరికి, వెనక ఏసోబు ఆఖరి విజిల్ ఊదారు. కట్టంగూర్ రెండు, కొత్తకోట ఒకటి.

మట్టి కొట్టుకుపోయిన చేతులతో రూప ఫారం చాచింది. ఆయన సంతకం పెట్టి, పరిశీలన గడిలో స్వదస్తూరీతో రాశారు:

"తొంభై నిమిషాలూ స్వయంగా గమనించాను. ఇరు జట్లూ వేదికపై ఎక్కడా కదలకుండా కూర్చున్నాయి. రాష్ట్రస్థాయిలో ఆడుటకు అర్హులు."