వెనక సీట్లో అత్తగారు

మా నగరంలో ట్రాఫిక్ రద్దీకి కారణం ఎట్టకేలకు దొరికింది. ఖాళీ టాక్సీలు. రవాణా శాఖవారు మూడు రోజులు కష్టపడి కనిపెట్టారు. ఇద్దరు ఉద్యోగులు ఫ్లైఓవర్ కింద కుర్చీలు వేసుకుని, ప్రతి బండిలోనూ ఎంతమంది ఉన్నారో ఫారంలో రాసుకున్నారు. వందకి తొంభై సొంత కార్లు, ఒక్కోదాంట్లో ఒక్కొక్క మనిషి. తొమ్మిది టాక్సీలు, వాటిలో డ్రైవర్ తప్ప ఎవరూ లేరు. మిగిలిన ఒక్కటీ బస్సు. తలుపు పట్టుకుని వేలాడేవాళ్లు లోపల ఉన్నట్టా బయట ఉన్నట్టా అన్నది తేలక దాన్ని వదిలేశారు.

ఆ ఇద్దరిలో చిన్నవాడికి ఒక అనుమానం వచ్చిందట. "సార్, సొంత కార్లో నడిపేవాడొక్కడే ఉంటే ఒకటి అని రాశాం. టాక్సీలో నడిపేవాడొక్కడే ఉంటే సున్నా అని రాశాం. రెండింట్లోనూ ఉన్నది ఒక్కడే కదా?" అని రవాణా అధికారిగారిని అడిగాడట. అధికారిగారు కోప్పడలేదు. ఓపిగ్గా విడమరిచి చెప్పారు. టాక్సీ డ్రైవర్ బండిలో భాగం, స్టీరింగ్ ఎలాగో అతనూ అలాగే. సొంత కార్లో ఉన్న మనిషి, ఎవరైనా సరే, మనిషే. ఆ వివరణనే నాలుగో నిబంధనగా అచ్చు వేయించి, అభ్యంతరాలు తెలపడానికి పదిహేను రోజులు గడువిచ్చారు. ఒక్క అభ్యంతరమూ రాలేదు. సొంత కార్ల యజమానుల సంఘం కార్యదర్శిని కాబట్టి నేను దాన్ని రెండుసార్లు చదివాను. చక్కగా ఉంది.

ఆ తర్వాతి నెల ఒకటో తారీఖు నుంచి చట్టం అమల్లోకి వచ్చింది. ప్రయాణికుడు లేని టాక్సీ రోడ్డు మీద కదలరాదు. కదిలినచో పర్మిట్ మీద ఎర్ర ముద్ర వేయబడును. మూడు ముద్రలు పడినచో పర్మిట్ రద్దగును. ఇంత సులువుగా అర్థమయ్యే చట్టం ఈ మధ్య రాలేదు. మొదటి వారంలోనే ఫలితాలు కనిపించాయి. పొద్దున ఆఫీసుల దగ్గర జనాన్ని దింపిన టాక్సీలన్నీ దింపినచోటే ఆగిపోయాయి. ఇళ్ల దగ్గర టాక్సీ కోసం నిలబడ్డవాళ్ల కళ్లు కాయలు కాశాయి. పెద్దాస్పత్రి ముందు ముప్పై ఆరు టాక్సీలు, లోపలివాళ్లకి ఎప్పుడు నయమవుతుందా అని వరసగా కాచుకున్నాయి.

మా వీధి చివరి వాటాలో ఒక టాక్సీ డ్రైవర్ ఉండేవాడు. నా కారు షెడ్డుకి వెళ్లినప్పుడల్లా నన్ను ఆఫీసుకి తీసుకెళ్లేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. భార్యకీ, చదువుకుంటున్న ఇద్దరాడపిల్లలకీ, అత్తగారికీ ఆ పాత బండే తిండి పెడుతోంది. అతనికి మొదటి ముద్ర పెట్రోలు బంకుకి వెళ్తుంటే పడింది. పెట్రోలుకి ప్రయాణికుణ్ణి వెంటబెట్టుకు వెళ్లాలని అతనికి తోచలేదు, అమాయకుడు. అది పొరపాటని చెప్పుకోవడానికి మర్నాడు రవాణా కార్యాలయానికి వెళ్లాడు. టాక్సీలోనే వెళ్లాడు. గేటు దగ్గరే రెండోది వేశారు. ఇంకొక్కటి పడితే ఇంటిల్లిపాదీ వీధిన పడాల్సిందే.

మూడో రోజు నుంచి వెనక సీట్లో అత్తగారు కనిపించింది.

ఆవిడకి మోకాళ్ల నొప్పులు, ఆయాసం. ఎడమ కిటికీ పక్కన దిండు వేసుకుని, మందుల సంచీ ఒళ్లో పెట్టుకుని, తెల్లవారుతూనే ఎక్కి దీపాలు పెట్టే వేళకి దిగేది. బేరం దొరికితే ఆవిడ పక్కనే సర్దుకుని కూర్చోవాలి. నేనూ ఒకసారి కూర్చున్నాను. నా ఉద్యోగమేమిటో, మా ఆవిడ బీపీ ఎంతో, పిల్లాడికి ఇంకా సంబంధం ఎందుకు కుదర్లేదో, రెండు సిగ్నళ్లు దాటేలోగా ఆరా తీసేసింది. ప్రతి ప్రయాణికుడికీ చీటీ ఉండాలి, అందులో వెళ్లే చోటు రాయాలి. ఆవిడ చీటీలో ఎప్పుడూ 'ఇంటికి' అనే ఉండేది. ట్రాఫిక్ జవాను ఆపి అడిగితే, "ఇంటికే నాయనా, పొద్దుట్నుంచీ వెళ్తూనే ఉన్నా. మీ రోడ్లు అలా ఏడిశాయి మరి," అనేది. అతను చీటీ చూసి పంపేసేవాడు. ఏడు నెలలు ఆవిడ అలా ఇంటికి వెళ్తూనే ఉంది.

ఒకరిని చూసి ఇంకొకరు. నెల తిరక్కుండా ప్రతి టాక్సీలోనూ ఒక మామగారో, మేనత్తో, పని లేని తోడల్లుడో వెలిశారు. బంధువులు లేనివాళ్లు రోజుకూలీకి మనుషుల్ని పెట్టుకున్నారు. రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన ఆర్నెల్లలో సీనియర్ ప్రయాణికుడయ్యాడు. ఏసీ లేని బండి ఎక్కననేవాడు. ముగ్గురు పట్టే సీట్లో ఒకరు ముందే ఉండటంతో, నలుగురున్న కుటుంబాలు రెండేసి టాక్సీలు మాట్లాడుకున్నాయి. పాపం, కొంతమంది విసుగెత్తి సొంత కార్లు కొనుక్కుని మా సంఘంలో చేరారు. సభ్యత్వం మూడు పువ్వులు ఆరు కాయలుగా పెరిగింది. రద్దీ కూడా.

శాఖవారు మళ్లీ లెక్క తీశారు. అవే కుర్చీలు, అవే ఫారాలు. నగరంలో ఖాళీ టాక్సీ ఒక్కటంటే ఒక్కటి లేదు. పథకం నూటికి నూరు పాళ్లు విజయవంతమైందని ప్రకటించి, విజయోత్సవ సభ పెట్టారు. వందన సమర్పణ నా వంతు.

సభ సాయంత్రం ఆరింటికి. నేను నాలుగింటికే బయల్దేరాను, ఒక్కణ్ణే, నా కార్లో. పెద్దాస్పత్రి గేటు ముందు ఇరవై నిమిషాలుగా చక్రం తిరగలేదు. జేబులోంచి ప్రసంగం తీసి ఇంకోసారి చదువుకుంటున్నాను. ఇంతలో ఎవరో అద్దం మీద తట్టారు. మా వీధి డ్రైవర్. చొక్కా తడిసి ముద్దయింది.

"సార్, మా అత్తయ్యకి ఊపిరాడటం లేదు. లోపలికి తీసుకెళ్లారు."

"అయ్యో," అన్నాను. నిజంగానే బాధనిపించింది. ఆవిడంటే నాకు గౌరవం.

"బండి ఆస్పత్రి వాకిట్లో ఉండిపోయింది సార్. వెనక అంబులెన్స్ వచ్చి ఆగింది, తియ్యమంటున్నారు. గేటు దగ్గర జవాను ముద్ర పట్టుకుని నిలబడ్డాడు. ఖాళీగా తీస్తే నా పర్మిట్ పోతుంది. మీరొక్కసారి వచ్చి వెనక కూర్చోండి సార్. నలభై గజాలు. గేటు దాటించి పక్కన పెట్టేస్తాను. అంతే."

"నా కారో?"

"మీ కారు కదలట్లేదు కదా సార్."

"కదలకపోతే మాత్రం? నేను దిగితే ఇది ఖాళీ అయిపోదూ?" అన్నాను. న్యాయమైన ప్రశ్నే. పైగా ప్రసంగం మధ్యలో ఉంది. అతను పక్క కారు దగ్గరికి పరిగెత్తాడు. అందులోనూ ఒక్కడే ఉన్నాడు. దాని వెనక కార్లోనూ ఒక్కడే. అద్దాలు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేవడం నాకు కనిపిస్తూనే ఉంది. అంబులెన్స్ మోత ఆగలేదు. అతను వెనక్కి వెళ్లాడు. బండి తీశాడు. నలభై గజాలూ నడిపి, గేటు పక్కన ఆపి, పర్మిట్ తనే తీసి జవానుకి ఇచ్చాడు.

సభ బాగా జరిగింది. రవాణా అధికారిగారు మాట్లాడుతూ, "ఒకప్పుడు మన టాక్సీలు ఒంటరిగా తిరిగేవి. ఈనాడు ఏ టాక్సీ ఒంటరి కాదు. చట్టానికి హృదయం ఉంటుందని ఈ ప్రభుత్వం నిరూపించింది," అన్నారు. చప్పట్లు. సభికులు ఆలస్యంగా వచ్చినందుకు ఎవరూ ఏమీ అనుకోలేదు, అధికారిగారే అందరికంటే ఆలస్యంగా వచ్చారు. నా వందన సమర్పణ తొమ్మిది నిమిషాలు సాగింది.

నేను మరీ రాతి గుండెవాణ్ణి కాను. అత్తగారు పది రోజులకి కోలుకుని ఇల్లు చేరిందని, అల్లుడు బండి అమ్మేసి పని కోసం తిరుగుతున్నాడని విని, పిలిచి మరీ నా కారుకి డ్రైవర్‌గా పెట్టుకున్నాను. పొద్దున నన్ను ఆఫీసు దగ్గర దింపుతాడు. అక్కడ కారు పెట్టే చోటు లేదు. అందుకని, నేను ఫోన్ చేసేదాకా ఆ నాలుగు వీధుల చుట్టూ తిరుగుతూ ఉండమన్నాను. ముద్ర వేసిన జవానే ఇప్పుడు అతనికి చెయ్యెత్తి దారిస్తాడు.

మొన్న అత్తగారు చేతికర్ర పట్టుకుని మా గేటు దాకా వచ్చింది. చంకలో దిండు.

"బాబూ, ఇతగాడు రోజంతా ఒక్కడే తిరుగుతున్నాడట. మళ్లీ ఎవరైనా పట్టుకుంటారేమో. నేనెక్కనా?"

"అక్కర్లేదమ్మా," అన్నాను.

"అక్కర్లేదత్తయ్యా," అన్నాడు అతను, కారు తుడుస్తూనే. "ఇది సొంత కారు. ఇందులో నన్ను మనిషి కింద లెక్కేస్తారు."

ఆవిడ కాసేపు అల్లుణ్ణి, కాసేపు నన్ను చూసింది. దిండు ఇంకో చంకలోకి మార్చుకుని వెళ్లిపోయింది.

ఆఫీసు కిటికీ పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను. కింద నా కారు పదకొండోసారి వెళ్లింది. దాని వెనక మా పై అధికారి కారు, దాని వెనక అకౌంటెంటు కారు, అన్నీ అలాగే చుట్టూ తిరుగుతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి కూడా ఇంత రద్దీ ఏమిటో నాకు అంతుపట్టడం లేదు. వెంటనే ఏదో ఒకటి చెయ్యాలని ప్రభుత్వానికి మహజరు రాశాను. ఈసారి ఆటోల సంగతి తేల్చమన్నాను. పైన నా సంతకం పెట్టాను. కింద మీకు చోటు వదిలాను. సిగ్నల్ దగ్గర ఎలాగూ ఒక్కరే కూర్చుని ఉంటారు కదా, అద్దం కొంచెం దించితే కాగితం మీ చేతికే అందిస్తాను.