మిస్ విల్లొడీన్‌ను ప్రేమించే వేళలు

మిస్ విల్లొడీన్ టార్ప్లీ గారిని ప్రేమించదలచినవారు ఇకమీదట రెండు రోజులు ముందుగా పేరు నమోదు చేసుకోవలెననీ, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలకు మించి అనుమతి లేదనీ, తెచ్చిన కేకులు నర్సుల బల్ల మీద ఉంచవలెననీ మా వృద్ధాశ్రమం మేనేజరు జూన్ మొదటి తేదీన నోటీసు అంటించాడు. మంచి పని చేశాడు. అంతకు ముందు వారమే ఇద్దరు తల్లులు ఆమె మంచం పక్క కుర్చీ కోసం పెనుగులాడి, కుర్చీ చెయ్యి విరగ్గొట్టారు.

విల్లొడీన్‌కు తొంభై ఒక్కేళ్లు. ఆమెది కిటికీ పక్క మంచం, నాది తలుపు పక్క మంచం. పదకొండేళ్లలో ఆమెను చూడడానికి వచ్చింది పాస్టరు ఒక్కడే. అతను కూడా గది పొరబడి వచ్చాడు. కానీ 1953లో అలబామాలోని ఒక కాలేజీలో ఆమె మూడు గ్రీకు అక్షరాల పేరున్న అక్కచెల్లెళ్ల సంఘంలో చేరింది. అప్పట్లో చేరడానికి పదిహేను డాలర్లు, ఒక తెల్ల గౌను చాలు. గౌను వాళ్లమ్మ కిటికీ తెర చింపి కుట్టింది. మా కౌంటీలో ఆ సంఘానికి ప్రాణంతో మిగిలిన అక్క ఈమె ఒక్కతే. అందులో చేరితే పలుకుబడీ, మంచి సంబంధాలూ దొరుకుతాయని పేరు; కొత్తగా చేరే పిల్లకు పాత అక్క ఒకరు సిఫారసు ఉత్తరం రాయాలి. అంచేత మా ఊళ్లో కాలేజీ ఈడు ఆడపిల్లలందరికీ ఒకేసారి ఆమె మీద ప్రేమ పుట్టింది.

ఇప్పుడు ఖర్చు కొద్దిగా పెరిగింది. సంఘాలు కొత్త పిల్లలను ఎంచుకునే చేరికల వారానికి రోజుకొక గౌను, గౌనుకొక చెప్పుల జత, నవ్వు తెల్లబరచడానికి పళ్ల డాక్టరు, పిల్ల సహజంగా ఉన్నట్టు వీడియో తీసేవాడు, చందా, సమావేశాల్లో కనబడకపోతే జరిమానా. వీటన్నిటికీ పైన ఒక కోచ్. నా కూతురు రొండా తన పెద్దపిల్ల ఆన్స్‌లీ కోసం డెలేనీ ప్రూయిట్ అనే కోచ్‌ను నాలుగు వేల డాలర్లకు కుదిర్చింది. అల్లుడు చేపలు పట్టే పడవ అమ్మేశాడు. ఇకమీదట చేపలంటే తనకు పెద్ద ఇష్టం లేదని చెప్పాడు.

డెలేనీ మా భోజనాల హాల్లో తల్లులను కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చింది. "అక్కచెల్లెళ్ల బంధం డబ్బుతో కొనేది కాదండీ. అది పెట్టుబడి. మీ అమ్మాయిని ఆ పెద్దావిడ నిజంగా ప్రేమించాలి. నిజమైన ప్రేమకు తక్కువలో తక్కువ ఆరుసార్లు రావాలి. ప్రతిసారీ ఫోటో. వేరే వేరే బట్టల్లో."

తల్లులు రాసుకున్నారు. ఒకావిడ చెయ్యెత్తి, "రెండు సార్లు ఒకే రోజున వస్తే ఎన్నిగా లెక్క?" అని అడిగింది. ఒకటిగానే అని డెలేనీ నిక్కచ్చిగా చెప్పింది.

అలా ఆన్స్‌లీ శనివారాలు రావడం మొదలుపెట్టింది. నా మనవరాలిని అంతకు ముందు నేను చూసి పద్నాలుగు నెలలు. గదిలోకి వస్తూనే "హాయ్ అమ్మమ్మా" అని చేతిసంచి నా కాళ్ల మీద పెట్టి కిటికీ వైపు వెళ్లేది. సంచి పడిపోకుండా ఇరవై నిమిషాలూ నేను కాళ్లు కదిపేదాన్ని కాదు. నేను పనిచేసింది కుట్టుమిల్లులో. మాకూ కార్మిక సంఘం ఉండేది గాని దాని అక్షరాలు గ్రీకువి కావు.

"మిస్ విల్లొడీన్, మీరంటే నాకు ప్రాణం" అనేది ఆన్స్‌లీ.

"ఏ ప్రాణం తల్లీ? పోయిన మంగళవారం వచ్చిన పిల్ల కూడా అదే పోసింది. నిమ్మకాయ కేకు తెచ్చావా?"

విల్లొడీన్‌కు చూపు ఆనదు. ఉత్తరాలన్నీ నేనే రాసేదాన్ని. ఆరో తరగతిలో బడి మానేసి, పాత పత్రికలు చూసి చదువు నేర్చుకున్నదాన్ని. పద్నాలుగు మంది పిల్లల సౌశీల్యాన్ని పద్నాలుగు రకాలుగా వర్ణించడం తేలిక కాదు. ఎన్ని పేజీలు రాయవచ్చో కనుక్కుందామని సంఘం కేంద్ర కార్యాలయానికి ఒక ఉత్తరం వేశాం. జూలైలో జవాబు వచ్చింది. సిఫారసు ఉత్తరాలు తీసుకోవడం నాలుగేళ్ల కిందటే మానేశామనీ, వస్తే చెత్తబుట్టలో వేస్తున్నామనీ, సోదరీ ప్రేమతో అనీ ఉంది.

విల్లొడీన్ రెండుసార్లు చదివించుకుంది.

"ఓపల్, దాన్ని నీ బైబిల్లో పెట్టు" అంది. "ఇక్కడికొచ్చే భక్తులు ఎవరూ దాన్ని తెరవరు."

నేను రాత్రంతా తూచుకున్నాను. చెబితే, ఉత్తరం కోసం కోచ్‌కు విడిగా కట్టాల్సిన అయిదు వందల డాలర్లు రొండాకు మిగులుతాయి. చెప్పకపోతే నాకు మూడు శనివారాలు మిగులుతాయి. బైబిల్లో పెట్టాను.

ఆగస్టులో ఆన్స్‌లీ గెలిచింది, సంఘం దాన్ని చేర్చుకుంది. తెల్ల స్తంభాల భవనం ముందు పచ్చికలో పరుగెత్తి రెండు వందల ఎనభై మంది కొత్త అక్కల కౌగిళ్లలో పడి ఏడ్చిన వీడియో రొండా పంపింది. బాగా ఏడ్చింది. దానికీ విడిగా శిక్షణ ఉందట. ఆ తరువాత మా గదికి ఎవరూ రాలేదు. నోటీసు కాగితం పసుపుపచ్చగా మారింది. నిమ్మకాయ కేకు ఆఖరి ముక్క విల్లొడీన్ వారం రోజులు దాచుకుంది.

ఫిబ్రవరిలో ఆమె పోయింది. నేనొక్కదాన్నే దగ్గర ఉన్నాను. తన సంఘం పిన్ను నా గుప్పిట్లో పెట్టి, "కిటికీ పక్కకు మారు ఓపల్, ఇక్కణ్ణుంచి కార్లు కనిపిస్తాయి" అంది. మారాను. మేనేజరు మాత్రం ఆమె మరణాన్ని బోర్డు మీద పెట్టలేదు. వేసవికి పేర్లు అప్పటికే నిండాయని, కార్లు నిలిపే రుసుము కూడా వసూలైందని, తొందరపడి ఎవరినీ బాధపెట్టడం మానవత్వం కాదని నాకు నచ్చజెప్పాడు.

ఈసారి డెలేనీ పదహారేళ్లకే మొదలుపెట్టాలని తల్లులకు చెప్పింది. ప్రేమ ముదరడానికి రెండేళ్లు పడుతుందట. జూన్ మొదటి శనివారం రొండా కారు వచ్చి ఆగింది. రొండా దిగలేదు, ఫోనులో కోచ్‌తో మాట్లాడుతోంది. చిన్న మనవరాలు టేటమ్ దిగింది. దాన్ని నేను చివరిసారి చూసినప్పుడు ముందు పాలపళ్లు ఊడి ఉన్నాయి.

తలుపు దగ్గర నిలబడి గది చూసింది. కిటికీ పక్కన ముసలావిడ, రొమ్ము మీద పిన్ను. కోచ్ చెప్పినట్టే ఉంది. చేతిసంచి తలుపు పక్క ఖాళీ మంచం మీద పెట్టి, వచ్చి నా చెయ్యి పట్టుకుంది. చెయ్యి వెచ్చగా ఉంది.

"మిస్ విల్లొడీన్, మీరంటే నాకు ప్రాణం."

"కూర్చో తల్లీ" అన్నాను. "మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"మా అమ్మమ్మ ఉందండీ. ఇలాంటి చోటే ఎక్కడో." ఫోను పైకెత్తింది. "కొంచెం ఇటు చూస్తారా? ఆరుసార్లు రావాలన్నారు కదా, ఇది మొదటిది."

ఆ ఖాళీ మంచం ఎవరిదని అడుగుతుందేమోనని ఇరవై నిమిషాలూ చూశాను. నెమ్మదైన పిల్ల, అడగలేదు. ఆరుసార్లలో అడుగుతుందన్న నమ్మకం నాకు లేదు.

"నిబంధనలు మారాయి తల్లీ" అన్నాను. "ఈ ఏడు నుంచి పన్నెండుసార్లు."