గోదావరిని చూచుటకు దరఖాస్తు

మనుషులు ఏ పనీ లేకుండా నదిని చూస్తారన్న సంగతి 1988వ సంవత్సరం దాకా ప్రభుత్వం దృష్టికి రాలేదు. అంతవరకు భద్రాచలం పరిసరాల్లో గోదావరి ఎవరి అనుమతీ లేకుండానే కనపడుతూ వచ్చింది. చూసినవాడు చూశాడు, చూడనివాడు పోయాడు, ఎక్కడా రికార్డు లేదు. ఈ లోపాన్ని పైవారి దృష్టికి తెచ్చింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు, తిట్టుకునేవాళ్లకు పేరు సరిగ్గా తెలియాలని చెబుతున్నాను. అబ్దుల్ సత్తార్, సైకిల్ టాక్సీ, భద్రాచలం.

సైకిల్ టాక్సీ అంటే గంటకింత అని సైకిళ్లు కిరాయికిచ్చే దుకాణం. నా దగ్గర పదహారు సైకిళ్లు ఉండేవి. ఒకప్పుడు పొద్దున ఏడింటికల్లా పదహారూ రోడ్డెక్కేవి. బస్సులు పెరిగాక తొమ్మిది రోడ్డు మీద, ఏడు గోడకు. మరో రెండేళ్లకు ఏడు రోడ్డు మీద, తొమ్మిది గోడకు. గోడకు ఆనిన సైకిల్‌కి కూడా గాలి కొట్టాలి, నూనె వేయాలి, తుప్పు తుడవాలి. నన్నడిగితే తొక్కే సైకిల్ కన్నా తొక్కని సైకిల్‌కే చాకిరీ ఎక్కువ.

ఆ గోడ బసవపున్నయ్య గారిది. దుకాణం గది ఆయనదే, పక్కన ట్రాక్టర్ సామాన్ల దుకాణమూ ఆయనదే. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొన్న కుటుంబం. నా గోడను నాకంటే శ్రద్ధగా చూసేవారు.

"సైకిళ్లు ఆనించుకోడానికి మెయిన్ రోడ్డు మీద గది ఎందుకయ్యా సత్తారూ? ఖాళీ చేస్తే నా టైర్లు పెట్టుకుంటా," అన్నారొక రోజు.

"నావీ టైర్లే గదా సార్."

"నావి ఎవరో ఒకరు కొంటారు."

శివరాత్రి దాకా గడువు అడిగాను. అప్పటికి పదహారూ మళ్లీ రోడ్డెక్కితే గది నాకుంటుంది, లేకపోతే టైర్లకు పోతుంది. ఇంట్లో చెబితే మా ఆవిడ లతీఫా బియ్యం చెరగడం ఆపకుండానే, "సైకిళ్లు పోతే పోనియ్యి, ఖతీజా అబ్బా. నువ్వు పొద్దంత ఇంట్ల కూసుంటే మాత్రం నేను పుట్టింటికి పోత," అంది (ఖతీజా మా అమ్మాయి, అబ్బా అంటే నాన్న).

ఆ కార్తీకంలో ఖమ్మం నుంచి ఒక పోస్టుకార్డు వచ్చింది. రాసినావిడ హైమ గారు, బ్యాంకు ఉద్యోగి. అంతకుముందు గుడికి వచ్చినప్పుడు నా దగ్గర సైకిల్ తీసుకుని ఒడ్డు వెంట రెండు గంటలు తిరిగిన మనిషి. "మేం ఆరుగురం ఉన్నాం. దుమ్ముగూడెం దాకా గోదావరి చూసుకుంటూ తొక్కాలని ఉంది. ఏదైనా ఆదివారం ఏర్పాటు చేస్తారా? ఇది బాగుంటే మా బ్యాంకులో ఇంకా నలభై మంది ఉన్నారు," అని రాశారు.

నలభై మంది అన్నచోట కార్డు రెండోసారి చదివాను. తర్వాత కూర్చుని దారి లెక్క వేశాను. పోను పాతిక కిలోమీటర్లు, మూడు ఎత్తులు, రెండు పంక్చర్లు, ఒక చైను జారడం. పొద్దున పోతే ఎండ వీపు మీద, సాయంత్రం తిరిగొస్తే మళ్లీ వీపు మీదే. పోయేటప్పుడు నది ఎడమచేతి వైపు, మనం తొక్కేదీ ఎడమ పక్కనే. అవతలి ఒడ్డున కొండలు. ఆ రోడ్డు వేసినవాడికి సొంత సైకిల్ ఉండి ఉంటుంది.

అక్కడితో ఆగి సైకిళ్లు తుడిచి ఉంటే ఈ కథ లేదు. కానీ మా వైపు ఒక అలవాటు ఉంది. అడవి అంచున ఏది కదిలినా దాని వెంట ఒక కాగితం కదలాలి. వెదురుకు కాగితం, తునికాకుకు కాగితం, చింతపండు బస్తాకు కాగితం. కాగితం లేక అటవీ శాఖ గేటు దగ్గర ఆగిపోయిన పెళ్లి పందిరి గుంజలు నాకు తెలుసు (పెళ్లి ఆగలేదు, గుంజలు సీమంతానికి అందాయి). అందుకని ఇక్కడి వ్యాపారి సరుకు కట్టకముందే కాగితం రాయించుకుంటాడు. నేనూ అదే చేశాను. ఎవరూ అడగకముందే పోయి అడిగాను.

ఖమ్మంలో అప్పుడే కొత్తగా జిల్లా సుందర దృశ్య దర్శన విభాగం పెట్టారు. ఇంకా ఏ దృశ్యమూ వాళ్లకు అప్పగించలేదు కాబట్టి నన్ను చాలా మర్యాదగా కూర్చోబెట్టారు. అధికారి వెంకటరామారావు గారు నా దరఖాస్తును రెండు చేతులతో అందుకున్నారు.

"ప్రయాణం దేనికి?"

"చూడ్డానికి సార్."

"చూసి?"

"చూసి తిరిగొస్తరు."

"ఏమీ తీసుకురారా?"

"ఏం లేదు సార్."

ఆయన కలం మూత పెట్టారు. "సత్తార్ గారూ, ఊరికే వెళ్లి ఊరికే రావడం ఇంతవరకు మా శాఖలోనే ఉంది. బయటివాళ్లకు ఇవ్వాలంటే పద్ధతి తయారుచెయ్యాలి."

పద్ధతి తయారైంది. నీళ్లు నీటివారివి, కొండలు అడవివారివి, రోడ్డు రోడ్డువారిది కాబట్టి ముగ్గురి నుంచీ అభ్యంతరం లేదని పత్రాలు తెమ్మన్నారు. నీటివారు, నది సదరు తేదీన సదరు స్థలంలో ఉండగలదని, నీళ్ల విషయం మాత్రం చెప్పలేమని రాసిచ్చారు. అడవివారు రెండు వారాలు ఆలోచించి, చెట్టును దూరం నుంచి చూడటం అటవీ ఉత్పత్తి సేకరణ కిందికి రాదనీ, అయితే ఒకే చెట్టును పది నిమిషాలకు మించి చూస్తే అనుమానించవలసి వస్తుందనీ తేల్చారు. రోడ్డువారు, ఆ దారిలో గుంతలున్నందున యాత్రికులు రోడ్డునే చూడాలని షరతు పెట్టారు.

మార్గశిరం పోయింది. గోడకు పదకొండు.

తర్వాత దృశ్య నిర్ధారణ సంఘం వచ్చింది. సైకిల్ వారి హోదాకు మంజూరు కానందున జీపులో వచ్చారు. దుమ్ము లేస్తోందని జీపుకు రెండు వైపులా గుడ్డ దించుకుని, మిట్టమధ్యాహ్నం దుమ్ముగూడెం దాకా పోయి వచ్చారు. దారిలో నాలుగు సుందర స్థలాలను గుర్తించారు (నాలుగింటిలోనూ టీ దొరుకుతుంది). ఒక్కోచోట ఎనిమిదడుగుల రేకు బోర్డు పాతించారు: "ఇచ్చట దృశ్యము కలదు."

నేను మొదటి బోర్డు దగ్గర సైకిల్ ఆపి చూశాను. బోర్డు కనపడింది.

"సార్, బోర్డు అడ్డమొస్తున్నది. నది కనపడ్తలేదు," అని వెంకటరామారావు గారికి విన్నవించుకున్నాను.

"బోర్డు లేకపోతే అక్కడ దృశ్యం ఉందని ఎలా తెలుస్తుంది?"

దుకాణానికి వచ్చి సైకిళ్లకు గాలి కొట్టుకున్నాను.

మాఘం చివర్లో, శివరాత్రి వారం ఉందనగా, అనుమతి వచ్చింది. ఊరి చివర దర్శన గేటు వెలిసింది. గేటు దగ్గర గుమాస్తా, ఆయన ముందు రిజిస్టరు. అందులో గడులు: చూచినవారి పేరు, తండ్రి లేక భర్త పేరు, చూచిన దృశ్యము, చూచుటకు పట్టిన కాలము, కలిగిన ఆనందము (సామాన్యము, మధ్యమము, ఉత్తమము). ఉత్తమము అని రాస్తే ఇద్దరు సాక్షులు కావాలి.

ఆ ఆదివారం హైమ గారు ఐదుగురు స్నేహితులతో దిగారు. ఆరు సైకిళ్లు తళతళలాడేలా తుడిచి పెట్టాను. గేటు దగ్గర గుమాస్తా ఒక్కొక్కరికి పదకొండు కాగితాలిచ్చాడు. హైమ గారు బ్యాంకు మనిషి కాబట్టి ఓపికగా మూడో కాగితం దాకా వచ్చారు.

"సత్తార్ గారూ, ఇక్కడ 'గతంలో నదిని చూచియున్నారా, అయిన మరల చూడవలసిన అగత్యమేమి' అని ఉంది. ఏం రాయమంటారు?"

"మీకేమనిపిస్తే గది రాయండమ్మా."

"నాకనిపించింది రాస్తే గుమాస్తా గారు బాధపడతారు."

అప్పుడే దుమ్ముగూడెం మీదుగా పోయే చర్ల బస్సు వచ్చింది. బస్సుకు రిజిస్టరు లేదు, బస్సులో పోయేవాళ్లు నిద్రపోతారని పద్ధతి రాసినవారి అభిప్రాయం. ఆరుగురూ ఎక్కి ఎడమ పక్క కిటికీల దగ్గర కూర్చున్నారు. హైమ గారు నాకు చెయ్యి ఊపారు. మిగతా నలభై మంది సంగతి నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

అయినా రోజువారీ గిరాకీలు ఐదుగురున్నారు కదా అనుకున్నాను. మర్నాడు లాలు వచ్చాడు. పన్నెండేళ్లుగా రోజూ నా సైకిల్ మీద రెండు గంపల వంకాయలు కట్టుకుని దుమ్ముగూడెం దిక్కు పోయి అమ్ముకొచ్చే మనిషి. గేటు దగ్గర గుమాస్తా ఆపాడు. గొడవ విని నేనూ పోయాను.

"ఏడికి పోతున్నవ్?"

"వంకాయలమ్మ."

"దారిల గోదారొస్తది. చూస్తవా?"

"కండ్లున్నయి గద సారు."

"అట్లయితే పదకొండు కాగితాలు నింపాలె. యాత్రికునివి."

"నేను యాత్రికుణ్ని ఎట్లయిత? వంకాయలోణ్ని."

గుమాస్తా పద్ధతి పుస్తకం తిరగేశాడు. చెడ్డవాడు కాదు, దారి వెతికాడు. "వంకాయలోనివైతే చూడనని రాసియ్యి. ఒక్క కాగితమే."

లాలు నన్ను పక్కకు పిలిచాడు. "సత్తార్ భాయ్, గట్ల రాసిస్తే ఏమన్న అయితదా?"

"ఏం గాదు. పోయేటప్పుడు ఎడమకు తిరగకు."

"అచ్చేటప్పుడు?"

"కుడికి."

లాలు వేలిముద్ర వేసి, తల వంచుకుని ముందు చక్రాన్ని చూసుకుంటూ పోయాడు. మూడో కిలోమీటరు దగ్గర గుంతలో పడి ఒక గంప వంకాయలు పోగొట్టుకున్నాడని తర్వాత తెలిసింది. మర్నాటి నుంచి వాడూ బస్సే, మిగతా నలుగురూ బస్సే.

శివరాత్రి నాటికి పదహారూ గోడకే ఉన్నాయి. మాట మాటే. గది ఖాళీ చేసి, సైకిళ్లను తల్లాడ నుంచి వచ్చిన ఒకాయనకు ఇచ్చేశాను. లారీ ఎక్కించేటప్పుడు ఒక్కోదాని బెల్లు మోగించి చూసుకున్నాను, పదిహేను పలికాయి. బసవపున్నయ్య గారు ఆ సాయంత్రమే టైర్లు సర్దించారు. కానీ అరుగు మాత్రం నాకు వదిలేశారు.

ఎందుకంటే సొంత సైకిల్ ఉన్నవాళ్లకు బస్సు దండగ. పాలవాళ్లు, కూలీలు, మేస్త్రీలు రోజూ అదే రోడ్డున పోవాలి, నదిని చూడబోమని రాసివ్వాలి. ఆ రాసేది ఎవరో ఒకరు కావాలి. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుంది, కాగితానికింత అని తీసుకుంటాను. పొద్దున్నే జనం వరస అరుగు దిగి రోడ్డు దాకా పోతుంది.

"ఇక్కడే కూర్చోవయ్యా సత్తారూ," అంటారు బసవపున్నయ్య గారు. "నీ జనం వల్ల నా కొట్టు కళకళలాడుతోంది."

లతీఫా పుట్టింటికి పోలేదు. మొన్న వెంకటరామారావు గారు స్వయంగా తనిఖీకి వచ్చి, విభాగం పెట్టిన ఏడాదిలోపే పద్ధతి ఇంత చక్కగా నడుస్తున్నందుకు నన్ను అభినందించి, అరుగు మీదే కూర్చుని చూసినవారిదీ చూడనివారిదీ రెండు రిజిస్టర్లూ పక్కపక్కన పెట్టి సంతకం చేశారు. గోదావరిని చూడలేదని మా ఊళ్లో రోజుకు నలభై మంది రాసిస్తున్నారు. చూశామని ఇంతవరకు ఒక్కరూ రాయలేదు.