పాతపాళ్యలో మడ అడవి

నగరవాసులకు సముద్రపు ఒడ్డు బురదలో పెరిగే మడ అడవుల మీద ప్రేమ పుట్టించే ఇల్లు బాగేపల్లి తాలూకా పాతపాళ్యలో వెలసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. సముద్రం మా ఊరికి ఒక రాత్రి బస్సు ప్రయాణమంత దూరం. ఆ ఇంటి యజమానినీ, ఆర్కిటెక్టునూ నేనే. మడ అడవిని నేను చూసింది బెంగళూరు సదస్సులో, తెర మీద. అదీ భోజనాల పిలుపు వచ్చేదాకానే.

మడ చెట్లు వేర్ల మీద లేచి నిలబడతాయి కనుక, ఇంటిని కూడా వంకర కాంక్రీటు వేర్ల మీద ఒక అంతస్తు ఎత్తున నిలబెట్టాను. గృహప్రవేశానికి వచ్చిన మా చిన్నాయన మునినారాయణ కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు.

"లోకేశా, కిందికి ఏమొస్తాదని ఇంతెత్తున పెట్టినావప్పా?"

"సముద్రపు పోటు, చిన్నాయనా."

"రానీలే. బోర్లన్నీ ఎండిపోయుండాయి," అన్నాడాయన, నిజంగానే సంతోషించి.

మా అమ్మ సుబ్బలక్ష్మమ్మకు మోకాళ్ల నొప్పులు. కొన్నాళ్లు మెట్లెక్కి, ఒకరోజు తన మంచాన్ని కింద, ఆవును కట్టేసే చోటికి దింపమంది.

"నువ్వు పైన ఉండు నాయనా. నాకు ఈడే బాగుండాది. తోడుకు ఆవుండాది కదా."

మనసు చివుక్కుమంది. లిఫ్టు పెట్టిద్దామని నా భార్య నేత్ర అంది. మడ చెట్టుకు లిఫ్టు ఉండదని ఆమెకు వివరించాను. తర్వాత ఆమె ఆ మాట ఎత్తలేదు. నాతో వేరే మాటలూ తగ్గించింది.

పత్రికవాళ్లు వచ్చి అమ్మనూ ఆవునూ కలిపి ఫొటో తీసి, కింద "వేర్ల మధ్య ఆశ్రయం పొందిన జీవరాశి" అని వేశారు. అప్పటినుంచి ఆదివారాలు బెంగళూరు కార్లు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు కాంక్రీటు వేర్లను కౌగిలించుకుని, అంతరిస్తున్న మడ అడవుల కోసం నిట్టూర్చి, తిరుగుదారిలో నంది కొండ దగ్గర టిఫిను తినేవారు. నాకు అవార్డు కూడా వచ్చింది.

ఆ వార్త చూసి కిశోర్ అనే ఆయన ఫోను చేశాడు. మా పక్కనున్న చింతామణి ఊరి మనిషే, సముద్రతీరంలో వ్యాపారం. మా ఇంటి నమూనాలో రిసార్టు కట్టించాడట, నేనే ప్రారంభించాలట. వెళ్లాను. ఉప్పునీటి పాయ ఒడ్డున మా ఇల్లే వరసగా బారులు తీరి ఉంది. అసలైన మడ అడవిని ఇక చూడబోతున్నానని ఆత్రపడ్డాను.

"మడ అడవి యాడుండాది కిశోర్?"

"ఈడే ఉండె సార్," అన్నాడతను వినయంగా. "మీ వేర్లకు జాగా చాల్లేదు. కొట్టేయించినాం."

బురదలో నరికిన మొదళ్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. అంతలో ఎవరో కత్తెర చేతికిచ్చారు. రిబ్బను కత్తిరించాను. మడ అడవుల గురించి ప్రసంగిస్తూ నిజంగానే ఏడ్చాను. సభ కూడా కళ్లు తుడుచుకుని, లేచి వెళ్లి గదులు బుక్ చేసుకుంది.

ఆదివారాలకు ఇప్పుడు గదులు దొరకడం కష్టం. మీకు కావాలంటే నా పేరు చెప్పండి.