పాలపళ్లు ఊడని మంగతాయి

ఒక పెద్ద అడవిలో, అక్కడే పుట్టినవాళ్లు కూడా దారి అడిగి నడిచేంత పెద్ద అడవిలో, ఒక టెన్నిస్ సంఘం ఉండేది.

ఆ అడవిలో పిల్ల పుట్టగానే రెండు పనులు జరిగేవి. తల్లి దాన్ని నాకి శుభ్రం చేసేది. తండ్రి పరుగున వెళ్లి కుందేలు చెంగల్రాయుడి టెన్నిస్ అకాడమీలో పేరు రాయించేవాడు.

"ఎన్నాళ్ల పిల్ల?" అని అడిగేవాడు చెంగల్రాయుడు.

"నాలుగు రోజులండి."

"నాలుగా?" చెంగల్రాయుడు మీసాలు దువ్వుకుని కాసేపు నేల చూపులు చూసేవాడు. "కాస్త ఆలస్యం చేశారు. సరే, ప్రయత్నిద్దాం."

ఆ ఒక్క మాటతో తల్లిదండ్రులు అప్పటికప్పుడే ఫీజు కట్టేసేవారు. మూడు కొండల అవతల నుంచి కూడా పిల్లలను తెచ్చి హాస్టల్లో వదిలేవారు. సరిగ్గా మేస్తారో లేదో, వానలో తడుస్తారో ఏమో అనుకుంటూ, పది అడుగులకొకసారి వెనక్కి చూసుకుంటూ వెళ్లిపోయేవారు.

అదే అడవిలో మంగతాయి అనే అలుగు ఉండేది. అలుగు అంటే ఒళ్లంతా పొలుసులు, పొడవాటి తోక, నోట్లో ఒక్క పన్ను కూడా లేకుండా నాలుకతోనే చీమలను తినే జీవి. మంగతాయి తన ఒక్కగానొక్క కూతురు సువర్చలను తోక మీద ఎక్కించుకుని తిప్పి పెంచింది. కూతురు పెద్దదై దూరపు కొండకు కాపురానికి వెళ్లాక తోక తేలికైపోయింది. ఏమీ తోచలేదు. తన ఈడు అలుగులన్నీ మనవలను ఆడించుకునే వయసులో ఆమె రాకెట్ పట్టింది.

నేర్పేవాళ్లు లేరు. చెదపుట్టకు బంతి కొట్టి నేర్చుకుంది. మన్ను రాలి చెదలు బయటికొస్తే భోజనం కూడా అక్కడే అయిపోయేది. తోకను మూడో కాలులా నేలకు ఆనించి నిలబడేది కాబట్టి ఎంత గట్టి బంతి వచ్చినా తూలేది కాదు.

ఆమెకు ఒకటే కోరిక. సంఘం వాళ్ల ప్రొఫెషనల్ ర్యాంకుల పట్టికలో తన పేరు ఉండాలి. ఎన్నో నంబరైనా ఫరవాలేదు. దానికి సంఘం పోటీలో ఒక్క మ్యాచ్ గెలిస్తే చాలు.

దరఖాస్తు తీసుకెళ్లి సంఘం కార్యదర్శి తొండకు ఇచ్చింది. తొండ తల ఊపింది. తొండ అన్నిటికీ తల ఊపుతుందన్న సంగతి మంగతాయికి తెలియదు. సంతోషంగా ఇంటికి వెళ్లిపోయింది.

వార్త విన్న చెంగల్రాయుడు ఒక్క గెంతులో ఆఫీసుకు వచ్చాడు.

"ఏమయ్యా కార్యదర్శీ, మతి ఉండే చేశావా? ఈవిడ ఆడి గెలిచిందనుకో, రేపు నాలుగు రోజుల పిల్లను నా దగ్గరికి ఎవరు తెస్తారు?"

తొండ తల ఊపింది.

"వద్దని మొహం మీద చెబితే మాట వస్తుంది. ఒక నిబంధన పెట్టు. పాలపళ్లలో ఒక్కటైనా ఊడినవాళ్లు కొత్తగా పేరు నమోదు చేసుకోవడానికి వీల్లేదని రాయి. ఆ వయసులో పాలపళ్లు ఎవరికుంటాయి?"

తొండ తల ఊపి, రాసి, ముద్ర వేసింది.

మర్నాడు మంగతాయిని డాక్టరు వడ్రంగిపిట్ట దగ్గరికి పంపారు. డాక్టరు ఆమె నోట్లోకి తల దూర్చి, అటూ ఇటూ చూసి, బయటికి వచ్చి ఫారం నింపాడు. 'ఊడిన పాలపళ్లు: సున్నా.'

మంగతాయికి మనసు ఒప్పలేదు. "డాక్టరు గారూ, నాకు అసలు పళ్లే రాలేదని కూడా రాయండి బాబూ. రేపు మోసం చేశానంటారు."

"ఉన్న పళ్ల సంగతి అడిగే గడి ఫారంలో లేదమ్మా," అన్నాడు డాక్టరు. "లేని గడిలో నేనెలా రాస్తాను?"

ఫారం చూసి చెంగల్రాయుడికి చెవులు వాలిపోయాయి. అంతలోనే మళ్లీ నిలబడ్డాయి.

"బాగుందమ్మా. పాలపళ్లు ఊడలేదంటే నువ్వు మైనరువి. సంరక్షకుల సంతకం కావాలి. వెళ్లి మీ అమ్మగారిని పిలుచుకురా."

"మా అమ్మ పోయి ఆరేళ్లయిందండి."

"అయ్యో పాపం. అయితే కుదరదు."

మంగతాయి గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "సంరక్షకులంటే అమ్మే కావాలని రాసుందా అండీ? నాకు కూతురుంది."

పుస్తకం మొదటి నుంచి చివరి దాకా తిరగేశారు. అలా ఎక్కడా రాసిలేదు.

చిలుక కబురు తీసుకెళ్లింది. మూడో రోజుకు సువర్చల వచ్చింది. వస్తూనే మొదలుపెట్టింది.

"అమ్మా, ఈ వయసులో నీకిదేం పని? కిందపడితే ఎవరు చూస్తారు? నేనక్కడ, నువ్విక్కడ."

"నువ్వు నడక నేర్చుకునేటప్పుడు నాలుగుసార్లు వాగులో పడ్డావే. నేను వద్దన్నానా?"

"అన్నావు. రోజూ అన్నావు."

"అన్నాననుకో. ఆపలేదు కదా."

 సువర్చల ఫారం లాక్కుని గోరుతో సంతకం గీసింది.

మొదటి మ్యాచ్ అకాడమీ ఛాంపియన్ లేడిపిల్ల చారులతతో పడింది. చారులతకు రెండేళ్లు. పుట్టిన మూడో రోజు నుంచి ఆడుతూనే ఉంది. అంపైర్ కొంగ ఒంటికాలి మీద నిలబడి ఆట మొదలుపెట్టింది.

మొదటి సెట్ మంగతాయి ఆరు ఒకటితో ఓడిపోయింది. గట్టు మీద సువర్చల కుదురుగా కూర్చోలేదు. "అమ్మా, నీళ్లు తాగు. అమ్మా, ఎండలో నిలబడకు. తోక ఆనించమ్మా, తోక." పక్కన కూర్చున్న తల్లులందరూ మన జాతిలో కలిసిందన్నట్టు జరిగి చోటిచ్చారు.

రెండో సెట్‌లో మంగతాయి వచ్చిన ప్రతి బంతినీ, పుట్ట తిప్పి పంపినట్టే, తిప్పి పంపింది. చారులత పరిగెత్తి పరిగెత్తి రొప్పసాగింది. ఆ సెట్ మంగతాయిది.

మధ్య విరామంలో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

"పిన్నీ, నువ్వు ఏ వయసులో మొదలుపెట్టావు?" అని అడిగింది చారులత.

"మా అమ్మాయికి పెళ్లయ్యాక తల్లీ."

"అంతకు ముందు ఏం చేసేదానివి?"

"ఏముంది, తిరిగేదాన్ని. తినేదాన్ని. వాగులో ఆడుకునేదాన్ని."

చారులత వాగు వైపు చూసింది. "అయితే అవన్నీ చేశాక కూడా రావచ్చన్నమాట," అని రాకెట్‌ను మెల్లగా కింద పెట్టి, ఎదురుగా ఉన్న పచ్చికలోకి నడిచి, గడ్డి మేయడం మొదలుపెట్టింది.

చెంగల్రాయుడు ఎంత పిలిచినా తల ఎత్తలేదు. కొంగ పది లెక్కపెట్టి మంగతాయి గెలిచినట్టు ప్రకటించింది.

"ఇలా గెలిస్తే గెలుపు కిందికి వస్తుందా అండీ?" అని మంగతాయి రెండుసార్లు అడిగింది. నిబంధన ప్రకారం వస్తుందంది కొంగ.

సాయంత్రానికి పట్టికలో 'మంగతాయి, ర్యాంకు 417' అని ఎక్కింది. తర్వాతి మ్యాచ్‌లో ఒక కోతి చేతిలో చిత్తుగా ఓడినా ఆ నంబరు పోలేదు. సువర్చల ప్రయాణం ఇంకో వారం వాయిదా వేసుకుంది, వచ్చే పోటీకి కూడా సంతకం కావాలి కదా అని.

అకాడమీ హాస్టల్ మాత్రం, చారులత మాట నోటా నోటా పాకి, సోమవారానికల్లా ఖాళీ అయింది. పిల్లలందరూ వాగులో ఉన్నారు. "పెద్దయ్యాక వస్తాం సార్," అని కేకేసి చెప్పారు. చెంగల్రాయుడు తొండ వైపు చూశాడు. తొండ తల ఊపింది.

నీతి: మీకు ఆలస్యమైపోయిందని పెద్దవాళ్లకు గట్టిగా చెబుతూనే ఉండండి, లేకపోతే తమకు తొందరేమీ లేదని పిల్లలకు తెలిసిపోతుంది.