పది గ్రాముల వస్తాదు

చినమెట్ట మున్సిపాలిటీ పరిధిలో కాపురముంటున్న పాత జపాన్ వస్తాదులను ఏటా మాఘమాసంలో తూకం వేస్తారు, ఇరవై గ్రాములకు తగ్గినవాళ్లను క్యాసెట్ పెట్టెలో పెట్టి రికార్డు గదికి పంపేస్తారు. ఇందుకోసం ఒక కార్యాలయమే ఉంది. జనన మరణాల విభాగానికీ కుళాయి కనెక్షన్ల విభాగానికీ నడుమనున్న గది. తలుపు మీద ‘జనాకర్షణ తూనికల కార్యాలయం’ అనీ, దాని కింద ‘పని వేళలు పది నుంచి అయిదు’ అనీ రాసి ఉంటుంది. రెండో మాట కాస్త గొప్పకు రాసుకున్నది.

వస్తాదులు ఊళ్లోకి వచ్చిన విధానం ఏమంత పెద్ద కథ కాదు. ఎనభైల్లో కాకినాడ రేవుకు వచ్చిన ఒక జపాన్ ఓడ వంటవాడు రెండు జాడీల ఆవకాయ పట్టుకుపోయి, బదులుగా ఒక పెట్టెడు వీడియో క్యాసెట్లు ఇచ్చి వెళ్లాడు. అన్నీ కుస్తీ పోటీలే. అందులో మాటలు ఎవరికీ అర్థం కాలేదు గానీ, పడేసేదెవరో పడేదెవరో తెలుసుకోవడానికి భాషతో పనేముంది? ఊరంతా వీడియో షాపులో కూర్చుని అరిగిపోయేదాకా చూసింది. కొన్నాళ్లకు వస్తాదులు టీవీల్లోంచి దిగి ఇళ్లల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. అన్నం ఎక్కువ వండాల్సి వస్తోందని మొదట్లో ఆడవాళ్లు సణుక్కున్నారు. తరవాత ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది, సణుగుడు ఆగింది.

ఉత్తర్వు ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతివారూ తమకు నచ్చిన వస్తాదు పేరు రిజిస్టరులో రాయించుకోవాలి. ఆ పేరు రేషన్ కార్డు మీదా పెళ్లి శుభలేఖ మీదా ఉంటుంది. వస్తాదు ఒక్కడే కాబట్టి అభిమానుల ఇళ్లకు వంతుల వారీగా వెళ్తాడు. ఎవరి మీద ఊళ్లో ఎంత ఇష్టముంటే ఆ వస్తాదు అంత బరువు తూగుతాడు. ఎలా అని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, అడగడానికి దరఖాస్తు ఫారం కూడా లేదు.

ఊళ్లో ఎక్కువ మందిది కుమగాయ పక్షం. నల్ల శాలువా కప్పుకుని వచ్చి, దాన్ని తీయడానికే ఆరు నిమిషాలు తీసుకుని, ఎదుటివాడి వంక ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపుకే సగం మంది పడిపోయేవారు. ఆయనకు రిజిస్టరులో పదకొండు వేల రెండు వందల ఆరుగురు అభిమానులు. రోజుకొక ఇల్లు, ఇంటికి ఇరవై నిమిషాలు. అభిమాన సంఘం అధ్యక్షుడు గండ్రోతు సత్తిరాజుకు యాభై ఎనిమిదేళ్లు, ఆయన వంతు రావడానికి ఇంకా ఇరవై రెండేళ్లుంది. అయినా సంబరాల్లో కుమగాయను భుజాన మోసేవాళ్లలో సత్తిరాజు ఒకడు. అంతటి మనిషిని ఇద్దరే ఇద్దరు అలవోకగా ఎత్తేస్తారు. అది తమ అభిమాన బలమని సత్తిరాజు చెబుతాడు.

చదువుకున్నవాళ్లు శిరకావ వైపు మొగ్గుతారు. ఆయన అరవడు, గెంతడు, తలుపు గడియ వేసినంత నెమ్మదిగా ఎదుటివాడి చెయ్యి మెలిపెట్టి, వాడు ఒప్పుకోగానే వదిలేసి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోతాడు. తూనికల ఇన్‌స్పెక్టరు దువ్వూరి సోమయాజులు శిరకావ అభిమాని. ఆయన ఫైలుకు తాడు కట్టే తీరు చూస్తే ఆ సంగతి ఎవరికైనా తెలిసిపోతుంది. కుమగాయది ఉత్త ఆర్భాటమని వీళ్లూ, శిరకావ మొహంలో కళ లేదని వాళ్లూ ముప్పై ఏళ్లుగా టీ కొట్ల దగ్గర కొట్లాడుకుంటున్నారు. రెండు సంబంధాలు కూడా తప్పిపోయాయి.

ఇక మినోబె ఉన్నాడు. ఆ క్యాసెట్లన్నిటిలో మినోబె పద్నాలుగుసార్లు కనిపిస్తాడు, పద్నాలుగుసార్లూ ఓడిపోతాడు. పొట్టి మనిషి, నడినెత్తి మీద జుట్టు పలచన. కింద పడ్డ ప్రతిసారీ లేచి కూర్చుని, ముందు బూటు తాళ్లు సరిగ్గా ముడేసుకుని, అప్పుడు లేస్తాడు. లేచి, మళ్లీ పడతాడు. చివరికి నడుం వంచి గెలిచినవాడికి నమస్కారం పెట్టి వెళ్తాడు. రిజిస్టరులో ఆయనకున్న అభిమాని ఒకే ఒక్కరు, బజారు వీధిలో జాకెట్లు కుట్టే నూకరత్నం.

వరదల్లో కుట్టుమిషను మూడు రోజులు నీళ్లలో ఉండిపోయిన ఏడు నూకరత్నం ఆయన పేరు రాయించుకుంది. కారణం రాయాల్సిన గడిలో ‘తాళ్లు కట్టుకుంటాడు’ అని రాసింది. గుమాస్తా అది కారణం కాదన్నాడు. ఆమె దిద్దలేదు.

ఇంకో ఇల్లు లేదు కాబట్టి మినోబెకు వంతులు లేవు. పన్నెండేళ్లుగా ఆమె దుకాణంలోనే, గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. దారపు ఉండలు రంగుల వారీగా పేరుస్తాడు. కొలతలప్పుడు అద్దం పట్టుకుంటాడు. జాకెట్టు బిగువైపోయిందని ఎవరైనా కేకలేసుకుంటూ వస్తే లేచి నడుం వంచి నమస్కారం పెడతాడు, తప్పంతా తనదే అన్నట్టు. తాము తిన్న లడ్డూలు గుర్తొచ్చి వాళ్లు చల్లబడతారు. కుట్టడానికేమీ లేని రోజున కూడా ఆడవాళ్లు వచ్చి పదేసి నిమిషాలు కూర్చునేవారు, అత్తగారి మాటో పరీక్ష తప్పిన కూతురి మాటో ఆయనకు చెప్పుకునేవారు. ఆయనకు తెలుగు రాదు. అందుకే శ్రద్ధగా వినేవాడు. రెండేళ్ల క్రితం ఆయన స్టూలు కింద నాపరాయి పగిలింది. తాపీమేస్త్రీ నాసిరాయి వేశాడని నూకరత్నం తిట్టుకుని ఊరుకుంది.

ఈ ఏడు తూకం అయ్యాక, తరలింపుకు పదిహేను రోజుల ముందు ఆమెకు నోటీసు వచ్చింది. కనీస బరువు పది గ్రాముల నుంచి ఇరవైకి ఈ ఏడే పెరిగిందని, మినోబె బరువు పది గ్రాములుగా తేలినందున ఆయనను రికార్డు గదికి తరలిస్తున్నామని అందులో ఉంది.

రికార్డు గదికి వెళ్లిన వస్తాదు ఎవరికీ గుర్తుండడు. ఒకప్పుడు గుర్తున్నాడన్న సంగతి కూడా గుర్తుండదు. కిందటేడు ఇద్దరిని పంపారని పుస్తకంలో ఉంది, ఎవరినో ఊళ్లో ఒక్కరూ చెప్పలేరు. మనిషి పోతే ఏడ్చుకోవచ్చు. ఏడవడానికి కూడా ఏమీ మిగలకుండా పోవడమేమిటని నూకరత్నం భయం. గుమ్మం పక్కన ఖాళీ స్టూలు చూసి ఇది ఇక్కడెందుకుందా అనుకుంటుంది, అంతే.

ఇంకొక్క అభిమాని ఉంటే ఇరవై గ్రాములవుతుంది. ఆమె ముందు కాసులమ్మను అడిగింది. పన్నెండేళ్లుగా ఆ దుకాణంలో ఎక్కువ కూర్చున్నది కాసులమ్మే.

“నాకు మాత్రం ఆయనంటే ఇష్టం లేదేంటమ్మా?” అంది కాసులమ్మ. “కానీ కార్డులో కుమగాయ ఉన్నాడే. మార్చాలంటే ఏడో నంబరు ఫారం నింపాలంట. కుమగాయ మనుషులిద్దరు సాక్షి సంతకం పెట్టాలంట. ఎవరు పెడతారు చెప్పు? మా ఆయన చూస్తే ఊరుకుంటాడా?”

రెండో ఆవిడా అదే చెప్పింది. మూడో ఆవిడ, తమ్ముడి పెళ్లి కుదిరేదాకా ఆగమంది. అందరూ వెళ్తూ వెళ్తూ మినోబె వంక చూసి కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. సంతకం మాత్రం ఒక్కరూ పెట్టలేదు. మంచివాళ్లే అందరూ. మంచివాళ్లతో వచ్చిన చిక్కే ఇది.

తరలింపుకు ముందురోజు నూకరత్నం మినోబెను వెంటబెట్టుకుని కార్యాలయానికి వెళ్లింది. సత్తిరాజు అక్కడే ఉన్నాడు, కుమగాయ ధ్రువపత్రం తీసుకోవడానికి.

“ఈయన పది గ్రాములని ఎవరన్నారండి?” అని అడిగింది నూకరత్నం.

“రిజిస్టరు అందమ్మా,” అన్నారు సోమయాజులు గారు. “మనిషికి పది గ్రాముల లెక్క. మీరొక్కరు, పది గ్రాములు. కుమగాయ గారు నూట పన్నెండు కిలోల అరవై గ్రాములు. మా శిరకావ గారు ఇరవై మూడు కిలోల నూట నలభై.”

“మరి కాటా ఎక్కించరాండి?”

గదిలో ఉన్న గుమాస్తాలు పెన్నులు ఆపారు. పక్క గదిలో కాటా ఉంది నిజమే. పెద్ద ముల్లున్న ఇనప కాటా. కాని పంతొమ్మిదేళ్లుగా దాని మీద పాత ఫైళ్లుంటున్నాయి. అభిమానుల లెక్కను పదితో హెచ్చవేస్తే వచ్చేదానికి ఎత్తి దించడమెందుకని పూర్వపు ఇన్‌స్పెక్టరు ఒకాయన మొదలుపెట్టాడు, అదే ఆనవాయితీ అయింది.

“ఒక్కసారి ఎక్కించండి బాబూ. పది గ్రాములే తూగితే నా చేతులతో నేనే పెట్టెలో పెడతాను,” అంది నూకరత్నం.

సోమయాజులు గారు శిరకావ మనిషి, పట్టు సరిగ్గా పడకపోతే నిద్రపట్టని రకం. నిబంధనలు తీసి చూస్తే ‘తూకం వేయవలెను’ అని ఉంది, ‘హెచ్చవేయవలెను’ అని ఎక్కడా లేదు. ఫైళ్లు దించమన్నారు.

“వెయ్యండి, వెయ్యండి! మా వాణ్ణి కూడా ఎక్కించండి. ఊరంతా చూడాలి,” అన్నాడు సత్తిరాజు, మీసం దువ్వుకుంటూ.

గంటలో ఊరంతా వచ్చింది. ముందు కుమగాయను భుజాల మీద తెచ్చారు. ఆయన శాలువా తీయడానికి ఆరు నిమిషాలు తీసుకుని, కాటా వంక ఒక్క చూపు చూసి ఎక్కాడు. ముల్లు కాస్త కదిలి ఆరు కిలోల రెండు వందల దగ్గర ఆగింది. సత్తిరాజు ముల్లును వేలితో రెండుసార్లు తట్టాడు. శిరకావ తువ్వాలు మడిచి పక్కన పెట్టి ఎక్కాడు, ఇరవై రెండు కిలోల తొమ్మిది వందలు. సోమయాజులు గారు గర్వం బయటపడకుండా తల పంకించారు.

మినోబె ఎక్కే ముందు వంగి బూటు తాళ్లు సరిచూసుకున్నాడు. కాటాకు నమస్కారం పెట్టాడు. ఒక కాలు మోపాడు. రెండోది మోపగానే ముల్లు గుండ్రంగా తిరిగి, రెండు వందల కిలోల చివరి గీత దాటి, కొనకు కొట్టుకుని అక్కడే ఉండిపోయింది. లోపల ఏదో ఇనుము మూలిగి విరిగిన చప్పుడైంది. కాటా ఒక పక్కకు ఒరిగింది.

జనంలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. కాసులమ్మ మొగుడు పైకప్పు వంక చూశాడు. వేల మంది ఒక్కసారి దొంగతనంలో దొరికిపోయినట్టు నిలబడ్డారు, అందరూ దొంగలే కాబట్టి పట్టుకునేవాళ్లు లేరు. నూకరత్నం మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. పన్నెండేళ్లుగా తానొక్కతే అనుకుంది పాపం.

సోమయాజులు గారు కుర్చీ వేయించుకుని అక్కడికక్కడే నివేదిక రాశారు. కాటా చూపిన బరువులు రిజిస్టరులోని బరువులతో సరిపోలడం లేదు. రిజిస్టరు తప్పయ్యే అవకాశం లేదు, దాని మీద పదమూడు వేల చిల్లర సంతకాలున్నాయి. కనుక కాటా చెడిపోయిందని నిర్ధారించడమైనది. కాటా బాగుచేసి మళ్లీ తూకం వేసేంతవరకు ఏ వస్తాదునూ ఎక్కడికీ తరలించరాదు. విడిభాగాల కోసం తయారీదారుకు లేఖ రాయాలి. ఆ తయారీదారు ఇరవై ఏళ్ల క్రితమే దుకాణం మూసేశాడని గుమాస్తా చెవిలో చెప్పాడు.

“తెలుసయ్యా. రిజిస్టర్డు పోస్టులో రాయి, జవాబు వచ్చేదాకా చూద్దాం,” అన్నారు సోమయాజులు గారు. తాడు నాలుగు చుట్లు చుట్టి, శిరకావ పట్టంత నెమ్మదిగా ముడి వేశారు. ఆ తాడు ఈ జన్మలో ఊడదు.

ఆ తరవాత ఊళ్లో ఏమీ మారలేదు. పేర్లు మార్చుకోవడానికి ఏడో నంబరు ఫారం ఒక్కటీ రాలేదు. కుమగాయ సంబరాలు మరింత ఘనంగా జరిగాయి. అయితే నూకరత్నం దుకాణానికి మగవాళ్లు రావడం ఎక్కువైంది. ఒకరు దిండు గలీబు తెచ్చారు, ఒకరు చిరగని సంచీ కుట్టమని తెచ్చారు. ఒకనాడు సత్తిరాజు గుండీ ఊడిన చొక్కా పట్టుకొచ్చాడు. గుండీ అతని జేబులోనే ఉంది, ఊడింది కాదు, కోసింది. కుట్టడం అయిపోయాక కూడా ముప్పావుగంట స్టూలుకు ఎదురుగా కూర్చున్నాడు.

“మాది కుమగాయే. అది మాత్రం రాసిపెట్టుకో,” అన్నాడు లేస్తూ.

“మీది కుమగాయేనండి. రేపూ ఖాళీయే, రండి,” అంది నూకరత్నం.

మినోబె లేచి ఆయనకు నడుం వంచి నమస్కారం పెట్టాడు. సత్తిరాజు అటూ ఇటూ చూసి, వీధిలో ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, తనూ వంగాడు. ఆ వయసులో వంగడం తేలిక కాదు, అయినా వంగాడు.

వారం రోజుల్లో స్టూలు కింద పగిలిన నాపరాయి పూర్తిగా రెండు ముక్కలైంది. నూకరత్నం మున్సిపాలిటీకి అర్జీ పెట్టుకుంటే, తాపీమేస్త్రీ రాళ్లు వేసుకుని బండి మీద వచ్చాడు. అతని చేతిలో కాగితం ఉంది. ‘పది గ్రాముల నివాసి నిమిత్తం ఒక రాయి’ అని రాసి ఉంది. మేస్త్రీ పగిలిన చోట కూర్చుని చేత్తో తడిమి చూశాడు. మినోబె వంక చూశాడు. అతని కార్డులోనూ కుమగాయే.

“ఎంత బరువుకి ఆగేది వెయ్యమంటారమ్మా?” అని అడిగాడు.

“ఊరంతా వచ్చి కూర్చున్నా పగలకూడదు నాయనా,” అంది నూకరత్నం.

పది గ్రాములకే కదా అని మేస్త్రీ అనలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బండి మీదున్న వాటిలో అన్నిటికన్నా మందమైన రాయి దింపాడు.