ఏరియల్‌కు గంజి

ఆ పొద్దున ఆంజనేయులు పెట్టుకున్న పని ఒక్కటే: సాయంత్రంలోగా ఇంట్లో రేడియోను ఖణేల్‌మని పలికించాలి. బొంబాయి రేడియోలో బామ్మర్ది విఠల్ మరాఠీ భక్తిపాట, అభంగం పాడబోతున్నాడు. "నీ తమ్మునికి పాటేడ వస్తది?" అని నవ్విన పక్కింటి యమునాబాయితో సహా వాడకట్టు మొత్తాన్ని భార్య సుందరాబాయి పిలిచేసింది. పాట వినబడకపోతే ఆమెకు తలవంపులు. ఆపైన ఆంజనేయులుకు ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రేడియో మెకానిక్ రాజారాం మీటరు తెచ్చి డాబా మీద ఏరియల్ తీగ కొన దగ్గర ఒకసారి, కింద రేడియో దగ్గర ఒకసారి కొలిచాడు. పైన నిక్కిన సూది కింద సగానికి పడిపోయింది.

"సేఠ్, సిగ్నల్ తీగల దిగుకుంట కమ్‌జోర్ అయితున్నది. ఏడ తగ్గుతున్నదో మూర మూరకు కొలవాలె. తినొస్త, అప్పటిదాంక ఏం ముట్టకుండ్రి."

వద్దన్న పని చేయకుండా ఉంటే అతను ఆంజనేయులే కాదు. తాతల నాటి నుంచి మగ్గం ఎరిగిన మనిషి. పోగు కమ్‌జోర్ అయితే ఏం చేస్తారు? గంజి పెడతారు. పడుగుకు పెట్టినంత శ్రద్ధగా తీగ పొడవునా కుంచెతో గంజి పట్టించాడు.

రాజారాం వచ్చి కొలిస్తే సూది ఇంకా దిగింది. "ఇదేంది సేఠ్?"

"పల్చగైంది. ఇంకో చెయ్యి పడాలె!"

రాజారాం మొత్తుకుంటున్నా రెండో చేయి పడింది. గంజికి కాకులు దిగాయి. కాకుల మీదికి ఆడవాళ్ళు కర్రలు విసిరారు. ఒక కర్ర తగిలి ఏరియల్ కట్టిన వాసం పక్కింటి రేకుల మీద కూలింది, తీగ తెగింది. సూది సున్నా దగ్గర పడుకుంది.

తీగ అతికించేలోపే సాయంత్రమై, అందరూ చాపల మీద కూర్చున్నారు. రేడియో గుర్రుపెట్టింది.

"పాట మస్తున్నది వదినా!" అంది యమునాబాయి.

సుందరాబాయికి ఏడుపు ఆగలేదు. పెరట్లోకి పరుగెత్తింది. అక్కడ గోడ చాటున మూట పట్టుకుని విఠల్!

"అక్కా, నిన్న రికార్డింగుల మైకు ముంగట గొంతు పెగల్లే. రైలెక్కి ఉరికొచ్చిన. వచ్చే వారం మళ్ళ రమ్మన్నరు. నేను పాడలేదని గిప్పుడు అందరికీ ఎరుకైందా?"

సుందరాబాయి తమ్ముణ్ణి వంటింట్లో దాచి, కళ్ళు తుడుచుకుని జనంలోకి వచ్చింది.

"నా తమ్ముడు గంత మంచిగ పాడుతుంటే, మా ఆయన గంజి పూసి ఖరాబ్ చేసిండు!"

జనమంతా ఆంజనేయులు మీద పడ్డారు. యమునాబాయి కూడా కరిగిపోయింది. "పాపం, పిలగాడు ఎంత మంచిగ పాడిండో!"

మరునాడు, తీగ అతికించి కడిగి మళ్ళీ కొలుస్తానని వచ్చిన రాజారాం చేతిలో సుందరాబాయి గిన్నెడు గంజి, కుంచె పెట్టింది, వచ్చే వారం పాట దాకా తీగకు పూసి ఉంచమని. ఈసారి తనే చిక్కగా కాచింది.